పాడైంది నేను కాదు

నేను ఒక పియానోని. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నన్ను వాయించిన కెజియా ఎడమచెయ్యి, ఎవరూ పట్టించుకోకుండానే, పనికిరాకుండా పోతుందని నా భయం. చెదపురుగులన్నా నాకంత భయం లేదు.

నన్ను కలకత్తాలో బర్మా టేకుతో చేశారు. యాభై రెండు తెల్ల మెట్లు, ముప్పై ఆరు నల్ల మెట్లు, లోపల రెండు వందలకు పైగా తీగలు. అంత శ్రమపడి చేసి విశాఖపట్నంలో ఒక క్లబ్బుకు పంపారు. అక్కడి దొరలూ, వాళ్ళ తర్వాత వచ్చిన మన బాబులూ నా మీద గ్లాసులు పెట్టుకున్నారు. ఆ తడి మరకలు గుండ్రగుండ్రంగా ఇప్పటికీ నా నెత్తిమీదే ఉన్నాయి. బల్ల కావాలంటే బల్ల కొనుక్కోవచ్చు కదా!

క్లబ్బువాళ్ళు పాత సామాను వదిలించుకుంటున్నప్పుడు రైల్వే గార్డు ఏసురత్నంగారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు, ఆరేళ్ళ కూతురు కెజియా కోసం. సముద్రపు గాలికి నా లోపలి ఉన్ని ఉబ్బి మెట్లు బిగుసుకుపోతాయని ఎవరో చెబితే, కింది పలక వెనక చిన్న బల్బు పెట్టారు. వానాకాలమంతా అది వెలుగుతూనే ఉండాలి. "ఆర్పీకే అమ్మా, నీ పియానోకి జలుబు చేసేస్తాది" అని కూతురితో అనేవారు. నా గురించి అంత మర్యాదగా మాట్లాడిన మనిషి ఆయనొక్కరే.

మొదట్లో కెజియా కాళ్ళు కింద పెడళ్ళకు అందేవి కావు. అందే నాటికి రోజుకు ఐదు గంటలు వాయించేది. వరస ఒక్కటే, నాలుగు వందల సార్లు. పక్కింటావిడ గోడ మీంచి "ఏటే పిల్లా, ఇంకో పాట రాదేటి నీకు?" అని అరిచేది. పదహారో ఏట మద్రాసులో మొదటి కచేరీ. తర్వాత బొంబాయి, ఆ తర్వాత వియన్నా. అక్కడి పెద్ద నల్ల పియానోలు అద్దంలా మెరిసిపోయాయని పేపర్లో రాశారు. తప్పులన్నీ నా దగ్గర చేసి, దిద్దుకుని, సరైనది తీసుకెళ్ళి వాటి మీద వాయించింది. చప్పట్లు వాటికి! నా పేరు ఒక్క పేపర్లోనూ లేదు.

పోనీ, అదీ ఓర్చుకున్నాను. పోర్టులో ఇంజనీరు ప్రభుదాసుతో పెళ్ళయితే ఆమెతో పాటు నేనూ అత్తవారింటికి వెళ్ళాను. జూన్‌లో పాప పుట్టింది. నవంబరులో బొంబాయి కచేరీ.

"ఇప్పుడు వెళ్ళకపోతే నన్ను మరిచిపోతారండీ" అంది కెజియా భర్తతో.

"వెళ్దువుగానీ. పాపని అమ్మ చూసుకుంటాది" అన్నాడాయన.

చూసుకునేది ఆవిడే అయితే, రోజుకు యాభైసార్లు పాపని చంకల కింద పట్టి ఎత్తేది ఎవరు? కెజియాయే. సెప్టెంబరులో ఒకరోజు ఎడమచేతి వరసలో బొటనవేలు ఆలస్యంగా పడింది. రవ్వంత ఆలస్యం. మనిషి చెవికి తెలియదు, నాకు తెలిసింది. మర్నాడు ఇంకొంచెం ఆలస్యమైంది. వాయించడం ఆపి, బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొక్కుకుంది.

"చెయ్యి లాగేస్తోంది అత్తయ్యా" అంది.

అత్తగారు సంపూర్ణమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "బాలింతరాలికి నొప్పులు రాకపోతే ఎవరికొస్తాయే? నాను నలుగుర్ని కన్నాను. పియానోలు వాయించలేదు గానీ, రోట్లో పిండి రుబ్బీదాన్ని."

కెజియా మరి ఆ మాట ఎత్తలేదు.

అదే వారం ముసురు పట్టింది. పాప గుడ్డలు ఆరడంలేదు. సంపూర్ణమ్మ ఇల్లంతా వెతికి, వెచ్చగా ఉన్న చోటు కనిపెట్టింది. నా కింది పలక తీసి, బల్బు చుట్టూ పదకొండు పొత్తిగుడ్డలు ఆరేసింది! వియన్నా దాకా వెళ్ళిన వేళ్ళకు చదువు చెప్పిన దాన్ని, నన్ను దండెం చేసింది. నాలుగు రోజుల్లో నా ఉన్ని చెమ్మ పీల్చి ఉబ్బింది. మూడు మెట్లు నొక్కితే మళ్ళీ లేవలేదు.

"ఏమైంది కెజియా, తడబడుతున్నావ్?" అని ప్రభుదాసు అడిగాడు.

ఆమె ఎడమచెయ్యి కొంగు కింద దాచుకుంది. "పియానో పాడైందండీ" అంది.

చూశారా! నొప్పి అంటే వినేవాళ్ళు లేరు. వస్తువు పాడైందంటే ఇల్లంతా కదిలింది. మర్నాడే శ్రుతి చేసే ఆల్బర్టుగారు వచ్చారు. లోపలి నుంచి గుడ్డలు ఒక్కొక్కటే లాగుతూ, "ఇది పియానోనా తల్లీ, చాకిరేవా?" అన్నారు. రెండు రోజులు నన్ను ఆరబెట్టి, ఎనభై ఎనిమిది మెట్లూ నొక్కి చూశారు. అన్నీ లేచాయి. నేను బాగున్నాను.

"ఇప్పుడు వాయించమ్మా."

వాయించింది. బొటనవేలు మళ్ళీ ఆలస్యంగా పడింది. నుదుట చెమట పట్టింది. "ఇంకా పట్టేస్తోందండీ" అంది నా వైపు చూపిస్తూ.

ఆల్బర్టుగారు నన్ను చూశారు. అబద్ధమని నాకు తెలుసు, నోరు లేదు. "ముసలిదైపోనాది కాబోలు" అని సంచి సర్దుకున్నారు. ఎనభై ఏళ్ళలో నాకింత అవమానం జరగలేదు.

ప్రభుదాసు మంచివాడే. భార్య బాధ పడుతోందని కరెంటు పియానో ఒకటి తెచ్చాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తే పాప లేవదట. నన్ను చర్చి హాలుకు ఇచ్చేశారు. మోసేవాళ్ళు వచ్చిన పూట, కెజియా కుడిచేత్తో నా మూత మూసింది. కుడిచేత్తో! ఎప్పుడూ రెండు చేతులతో మూసేది.

ఇప్పుడు ఆదివారం భోజనాలకు నా మీద సాంబారు గిన్నె పెడుతున్నారు. బొంబాయి కచేరీ ఏమైందో నాకు చెప్పినవాళ్ళు లేరు. నా సంగతి వదిలేయండి, అలవాటైపోయింది. కానీ అమ్మా, మీలో ఎవరైనా పోర్టు క్వార్టర్ల వైపు వెళ్తే, గుమ్మంలో ఉయ్యాల ఉన్న ఇంట్లోకి ఒకసారి వెళ్ళండి. పాప ఎంత బరువుందని అడక్కండి, అందరూ అదే అడుగుతారు. ముందు ఆ పాపని మీరు ఎత్తుకోండి. కెజియా చేతులు ఖాళీ అయ్యాక, ఎడమచెయ్యి చూపించమనండి. బాగానే ఉందంటుంది. నమ్మకండి. బొటనవేలు మడిచి చూపించమనండి.