పన్నెండు గంటల వరకే మౌనం

"అమ్మా, మనం పెట్టిన ఆ ఏడో పేరా ఉంది కదా?" పొద్దున్నే కారు అద్దంలోంచి నన్ను చూస్తూ డ్రైవరన్న అడిగాడు.

"ఉందన్నా, ఎక్కడికి పోతుంది!" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి. ఓడల గురించి దేశాలన్నీ కూర్చుని నియమాలు రాసుకునే పెద్ద సంస్థ ఒకటుంది. దాని దగ్గర మా దేశం తరఫున పనిచేసే కార్యాలయం మాది. కార్యాలయం అనగానే మేడలూ జెండాలూ ఊహించుకోకండి. పళ్ల డాక్టరు క్లినిక్ పైన మూడు గదులు, అంతే. కింద డ్రిల్లు మొదలైతే పైన మా పెన్నులు వణుకుతాయి. రాయబారిగారు, నేను, ఒక టైపిస్టు, డ్రైవరన్న. రాయబారిగారిని ఎదురుగా మేడమ్ అంటాం, చాటుగా పెద్దావిడ అంటాం. నేను చేరి పద్నాలుగు నెలలైంది. ఈ పనంటే నాకు పిచ్చి. ఒక వాక్యంలో 'కోరుతోంది' తీసేసి 'ఆదేశిస్తోంది' పెట్టడానికి నలభై దేశాలు రెండు రోజులు వాదించుకుంటుంటే నాకు ఫైనల్ మ్యాచ్ చూస్తున్నట్టుంటుంది.

ఏడో పేరా మా దేశం పట్టుబట్టి పెట్టించింది. యజమాని పరాయి రేవులో ఓడని వదిలేసి చేతులు దులుపుకుంటే, ఆ రేవు దేశం అందులోని మనుషులకి తిండీ నీళ్లూ ఇవ్వాలి, ముప్పై రోజుల్లో ఇంటికి పంపాలి. ఇదీ అందులోని విషయం. డ్రైవరన్న తమ్ముడు అలాంటి ఓడలోనే ఎనిమిది నెలలుగా ఇరుక్కుపోయాడు. ఒడ్డు కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంటుందట, దిగనివ్వరట. వాన పడితే టార్పాలిన్ కట్టి నీళ్లు పట్టుకుంటున్నారట.

ఇక్కడో పద్ధతుంది. తీర్మానం ఆఖరి ముసాయిదాని సంస్థ అధ్యక్షుడు అన్ని దేశాలకీ పంపి ఒక గడువు పెడతాడు. ఈలోగా ఎవరూ కాదని రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. దీన్ని మేం మౌన గడువు అంటాం. ఈసారి అది ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి ముగుస్తుంది. ముసాయిదా శుక్రవారమే వచ్చింది. "మార్పులేమీ లేవు, మౌనంగా ఉండొచ్చు" అని నేను రాజధానికి రాశాను. "సరే, మౌనంగా ఉండండి" అని రాజధాని ఆదేశం పంపింది. ఆ ఫైలు అక్కడితో అయిపోయింది.

పది నలభైకి దాన్ని మళ్లీ తెరిచాను. ఏడో పేరా ప్రింటు తీసిస్తే డ్రైవరన్న తమ్ముడికి ఫొటో పంపుకుంటాడు కదా అని.

ఏడో పేరాలో రేవుల శుభ్రత గురించి ఉంది.

తెర మీద పేజీలు పైకీ కిందికీ జరిపాను. ఎక్కడా లేదు. పాత ముసాయిదాని పక్కన పెట్టుకుని చూశాను. ఆరో పేరాని రెండు ముక్కలు చేసి, ఏడోదాన్ని మెల్లగా ఎత్తేశారు. పాతదాంట్లో పద్నాలుగు పేరాలు, కొత్తదాంట్లోనూ పద్నాలుగే. శుక్రవారం నేను చేసిందల్లా పేరాలు లెక్కపెట్టి, మొదటివీ చివరివీ చదవడం. సాయంత్రం ఆరైంది, ఆకలి కూడా వేస్తోంది. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని కిందికి పరుగెత్తాను.

"సంస్థకి పోనీ అన్నా, తొందరగా."

"ఏమైందమ్మా? మొహం అలా పాలిపోయింది!"

"మేడమ్‌తో చిన్న పని."

చిన్న పనట! దారిలో మూడు సిగ్నళ్లు, మూడూ ఎర్రవే. అతని మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

పెద్దావిడ తలుపులు మూసుకుని జరిగే చర్చలో ఉంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. గుమ్మం దగ్గరున్న చెక్క అరల్లో పెట్టి వెళ్లాలి. గార్డుని బతిమాలి చీటీ పంపించాను. ఆవిడ బయటికొచ్చేసరికి పదకొండూ పది.

"ఏంటమ్మాయ్, ఆఫీసు కాలిపోయిందా?"

"కాలిపోయినా బాగుండేది మేడమ్." డ్రైవరన్నకి ఉందని చెప్పిన సంగతితో సహా మొత్తం గబగబా చెప్పేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. తిట్టలేదు. తిడితే ఇంత భయం వేసేది కాదు.

"మౌనంగా ఉండమని రాజధాని చెప్పింది కదా. దాన్ని కాదని నేను నోరు విప్పకూడదు. అలా ఎవరికివాళ్లు మాట్లాడితే ఇక దేశం మాటెక్కడుంటుంది?"

"కానీ మేడమ్, అక్కడ వాళ్లు..."

"రాజధాని అలా ఎందుకు చెప్పింది?"

"నేను రాశాను కాబట్టి."

"మరి ఇంకా నా మొహం చూస్తావేం? వాళ్లకి మళ్లీ రాయి."

డెస్క్ సార్‌కి ఫోన్ చేశాను. రాజధానిలో మా ఫైళ్లన్నీ చూసేది ఆయనే. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తగానే విజిళ్లు, చప్పట్లు.

"మా అమ్మాయి స్కూల్లో ఆటల పోటీలమ్మా! తర్వాత చేస్తావా? వంద మీటర్లు మొదలవుతోంది!"

"సార్, పెట్టేయకండి! ఏడో పేరా పోయింది!"

"పోవడమేంటి? మార్పులేవని నువ్వేగా రాశావ్?"

"తప్పు రాశాను సార్."

అవతల ఎవరో మైకులో పిల్లల్ని పిలుస్తున్నారు.

"చూడమ్మా, నోటిమాట మీద ఆదేశం మార్చలేను. నీ నివేదిక ఎందుకు తప్పయిందో రాసి పంపు. అది ఫైల్లో ఉండిపోతుంది, తెలుసుగా? ల్యాప్‌టాప్ కారులో ఉంది. గ్రౌండు దాటి వెళ్లాలి. కానీ త్వరగా!"

పదకొండూ ఇరవై ఏడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. 'శుక్రవారం వచ్చిన ప్రతిలో ఈ మార్పు స్పష్టంగా లేదు' అని టైప్ చేశాను. ఎంత బాగుందో ఆ వాక్యం! ఎవరి తప్పూ కాకుండా, గాల్లోంచి ఊడిపడ్డట్టు. కానీ ఆ ప్రతి అన్ని దేశాల దగ్గరా ఉంది. ఎవరైనా తెరిచి చూపిస్తే మా అభ్యంతరం అక్కడికక్కడే నవ్వులపాలవుతుంది. చెరిపేశాను. 'ముసాయిదాని నేను పూర్తిగా చదవలేదు. పేరాల సంఖ్య మాత్రమే సరిచూశాను' అని రాశాను. వేలు పంపే బటన్ మీదే ఆగిపోయింది. పద్నాలుగు నెలలు. ఈ పని తప్ప ఇంకేదీ చేయాలని లేదు నాకు.

నొక్కేశాను. పదకొండూ ముప్పై ఆరు.

ఇక ఎదురుచూపులు. నలభై అయింది, నలభై నాలుగైంది. పెద్దావిడ పక్కనే నిలబడి అభ్యంతరం ఉత్తరం నోటితో చెబుతుంటే టైప్ చేశాను. "ఆ 'తీవ్రంగా' నువ్వు కలిపిందా? తీసెయ్. 'అభ్యంతరం తెలుపుతోంది' చాలు" అంది, ఎక్కడా గొంతు పెరగకుండా. నాకేమో ప్రతి పదానికీ కళ్లు గడియారం మీదకే పోతున్నాయి. నలభై తొమ్మిది. డెస్క్ సార్ ఇంకా గ్రౌండులోనే ఉన్నాడా? కారు తాళాలు దొరకలేదా?

యాభై రెండుకి వచ్చింది. 'నివేదిక తప్పని గుర్తించాం. మౌనం వీడండి.' దాని కింద ఇంకో వాక్యం. 'సంబంధిత అధికారిణి సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వాలి.'

"ముందు ఉత్తరం పంపు. ఏడుపు తర్వాత" అంది పెద్దావిడ.

పంపాను. అందినట్టు అధ్యక్షుడి ఆఫీసు నుంచి జవాబొచ్చేసరికి పదకొండూ యాభై ఎనిమిది. ఇంకో పది నిమిషాలకి అన్ని దేశాలకీ వర్తమానం వెళ్లింది. 'మౌనం వీడింది. మూడింటికి సమావేశం.'

గెలిచామనుకుని లేచి నిలబడ్డాను.

"కూర్చో. పేరా తిరిగి రాలేదు, తలుపు తెరుచుకుందంతే. తీసేసినవాళ్లు మూడింటికి అదే గదిలో ఉంటారు. నువ్వు ముందు కిందికెళ్లి డ్రైవరుకి చెప్పు."

"నేనా మేడమ్?"

"ఉందని చెప్పింది నేనా?"

డ్రైవరన్న కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడే చెప్పాను. పేరా లేదని, నేను చదవలేదని, మూడింటికి మళ్లీ అడుగుతామని, ఒప్పుకుంటారో లేదో తెలియదని. అతను నేలకేసి చూస్తూ విన్నాడు.

"వాడికి పొద్దున్నే మెసేజ్ పెట్టేశానమ్మా, ఉందని. ఓడలో అందరికీ చెప్పుకునుంటాడు."



అతను ఫోన్ తీసి నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది. "ఒరేయ్, నేనే. తిన్నావా? ఆగు, ఆగరా, సంబరపడకు. ఆ కాగితం సంగతే..." అని నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నాకు అర్థమయ్యేలా చెప్పడం రాదమ్మా. మీరే చెప్పండి."

ఫోన్ తీసుకున్నాను. అవతల గాలి హోరు, దాని వెనక నలుగురైదుగురి నవ్వులు.

"తమ్ముడూ, నేను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. నీతో పాటున్న వాళ్లని కూడా దగ్గరికి పిలువు. అందరూ వినాలి" అన్నాను.