మూడు చివరి మాటలు

ఆ ప్రెస్సులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. యజమాని మొదలుకొని కాగితం కోసేవాడి దాకా అందరికీ ఆమె ప్రూఫమ్మే. ముప్పై ఏళ్లుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎడమచేతి కింద రాతప్రతి, కుడిచేతి కింద అచ్చుకాగితం పెట్టుకుని, ఒకదానితో ఒకటి సరిచూడటమే ఆమె పని. పెళ్లికార్డులో తాతగారిని పెళ్లికొడుకును చేసేసిన ఘనులను ఆమె చాలామందినే చూసింది.

ఇన్నేళ్లలో ఆమె గట్టిగా నేర్చుకున్నది ఒక్కటే. ఒకే సంగతికి రెండు ప్రతులు వచ్చి, ఒకదానికొకటి పొసగకపోతే, చదవడానికి హాయిగా ఉన్నదాన్నే అనుమానించాలి. దాన్ని ఎవరో దిద్ది ఉంటారు. గరుకుగా ఉన్న మాటను చూస్తే ఎవరికైనా దిద్దాలని చేయి దురద పెడుతుంది గానీ, నున్నగా ఉన్నదాన్ని పనిగట్టుకుని గరుకు చేసేవాళ్లు ఉండరు.

ఆ ఉదయం ఆమె బల్ల మీదికి వచ్చిన ప్రూఫు సొంత కొడుకుది. బస్సుల షెడ్డులో మెకానిక్కు, ఇరవై ఆరేళ్లవాడు. నెల కిందట జ్వరంతో ఆసుపత్రిలో చేరి పది రోజులకే పోయాడు. వచ్చే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక, అక్కడ పంచే కార్డు ఇది. ఫొటో కింద 'చివరి మాట' అని వేసి, దాని పక్కన ఖాళీ వదిలారు. అక్కడ ఏం వేయాలో ఇంకా తేలలేదు.

కొడుకు పోయేటప్పుడు మంచం దగ్గర ముగ్గురున్నారు. ఆమె లేదు. అబ్బాయి చేయి పైకెత్తి, ప్రభువా వస్తున్నాను అంటూ నవ్వుతూ వెళ్లాడని పాస్టరుగారు చెప్పారు. ఈ మాట ఆయన అప్పటికే రెండు ప్రసంగాల్లో వాడుకున్నారు కూడా. భర్త పోయిన దగ్గర్నుంచి ఇంటికి పెద్దదిక్కైన మరిదేమో, మాటా పలుకూ లేదు వదినా, నిద్రలోనే దాటిపోయాడు అన్నాడు. అమ్మను ఏడవొద్దని చెప్పు అక్కా అన్నాడని కూతురు చెప్పింది. ముగ్గురూ భక్తిపరులే, ముగ్గురికీ ఆమె అంటే ప్రాణమే. సంఘంలో సగం మంది పాస్టరుగారి మాట వేయమంటున్నారు, అందరికీ ఆదరణగా ఉంటుందట. మిగతా సగం కూతురి మాట వేయమంటున్నారు. ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇచ్చి, టీ తాగి వెళ్తున్నారు. ఇంతకీ ఆ పిల్లవాడు నిజంగా ఏమన్నాడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆమెకు అదొక్కటే కావాలి. ఎందుకంటే ఆ గంటలో ఆమె చర్చిలో ఉంది. వాడు బతకాలని సంఘమంతా గొలుసు ప్రార్థన పెట్టుకుంది. గంటకొకరు మోకాళ్ల మీద ఉండాలి, వంతు పూర్తయ్యేదాకా లేవకూడదు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు ఆమె వంతు. సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. లేస్తే గొలుసు తెగుతుందని, తెగితే కొడుకు దక్కడని, ఆమె కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. అందుకు ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ప్రూఫు ముందు పెట్టుకుని, ప్రభువా నాకు నిజం చెప్పు అని అడిగింది. పైనుంచి ఏ స్వరమూ రాలేదు. లోపల మిషను దడదడా తిరుగుతూనే ఉంది. ఆమెకు గుర్తొచ్చింది మాత్రం సిలువ మీద ఆయన పెట్టిన కేక. తండ్రి తనను ఎందుకు వదిలేశాడని అందరూ వింటుండగా అడిగాడు. దాన్ని రాసిపెట్టినవాళ్లు ఆయన్ను ప్రేమించినవాళ్లే. ఆ ఒక్కటీ తీసేసి, నవ్వుతూ వెళ్లాడని రాసుకుంటే కాదనేవాళ్లు ఎవరు? అయినా వాళ్లు తీసేయలేదు. తీసేయలేదు కాబట్టే ఆమె ఇన్నేళ్లుగా మిగతాదంతా నమ్మింది. తన దగ్గరికి వచ్చిన మూడు మాటలేమో మూడూ నున్నగా ఉన్నాయి. మూడూ ఈ తల్లి కోసం దిద్దినవే.

మధ్యాహ్నం సెలవు పెట్టి కూతురింటికి వెళ్లింది. కూతురు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తల్లి కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఖాళీ ఉన్నచోట వేలు ఉంచింది.

"నాకు బాగుండే మాట వద్దు తల్లీ. వాడన్న మాట కావాలి."

"చెప్పాను కదమ్మా."

"అది నా కోసం చెప్పావు. ఏడవొద్దని వాడు నాతో ఎప్పుడన్నాడు? నేను ఏడిస్తే వాడూ పక్కన కూర్చుని ఏడ్చేవాడు."

కూతురు ప్లగ్గు తీసేసింది. ఇస్త్రీపెట్టె తీగ చుట్టి, చుట్టినదాన్ని మళ్లీ విప్పింది. ఆ తర్వాత చెప్పింది. వాడు నవ్వలేదు, నిద్రపోలేదు. ఊపిరి అందక మంచం కమ్మీ పట్టుకుని, భయమేస్తోందక్కా, అమ్మను పిలువు అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతే తల అడ్డంగా ఊపి, అమ్మ ఏది అన్నాడు. బాబాయి వరండాలోకి పరుగెత్తి ఫోను మీద ఫోను చేశాడు.

"దారిలో ఉందిరా, వచ్చేస్తోంది అన్నాను. వాడు నమ్మేశాడమ్మా. ఇంక మాట్లాడలేదు. తలుపు వైపే చూస్తూ ఉన్నాడు."

నెల రోజులుగా అందరూ ఆదరిస్తూ ఏడవనివ్వని ఏడుపంతా తల్లి అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, పెన్ను తీసి, ఖాళీలో 'అమ్మ ఏది' అని రాసింది.

కూతురు బెదిరిపోయింది. సంఘమంతా చదువుతుంది, నిన్ను ఏమనుకుంటారో అంది. ఉన్నదే అనుకుంటారు అంది తల్లి. దిద్దిన తప్పుకు ప్రభువు దగ్గర క్షమాపణ ఎలా అడగను, నా తప్పు ఉన్నదున్నట్టు ఉంటేనే కదా అడగగలను అంది.

నెల రోజులుగా ఎవరినీ అడగలేకపోయిన మాట కూతురికీ ఒకటుంది.

"చావబోయేవాడికి అబద్ధం చెప్పాను. నాది పాపమా అమ్మా?"

తల్లి ఆమె తలను దగ్గరికి తీసుకుంది.

"నువ్వు అబద్ధం చెప్పలేదు తల్లీ. దాన్ని అబద్ధం చేసింది నేను. ఆ నిమిషాన లేచి ఉంటే, నేను దారిలోనే ఉండేదాన్ని."