నూట పద్దెనిమిదో ఇల్లు

ఉప్పాడ అవతల, వేటకెళ్ళే కుటుంబాలుండే ఆ పేటలో ఎమ్మెస్సీ దాకా చదివిన ఆడపిల్ల వీరదుర్గ ఒక్కతే. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి అప్లైడ్ స్టాటిస్టిక్స్ చదువుతోంది. అదేం చదువో పేటలో ఎవరికీ అర్థం కాలేదు. "లెక్కల చదువంట" అని ఊరుకున్నారు.

మొదటి ఏడాది చివర్లో ప్రాజెక్టు కోసం ఫైలు పట్టుకుని సొంత పేటకే వచ్చింది. మొత్తం మూడొందల పన్నెండు ఇళ్లు. అందులోంచి ర్యాండమ్ నంబర్ల ప్రకారం నలభై ఎంచుకుని, సముద్రపు కోత గురించి ఇరవై ప్రశ్నలు అడగాలి. ఏడాది తర్వాత మళ్ళీ అవే గుమ్మాలెక్కి, అవే ప్రశ్నలు అడగాలి.

నూట పదిహేడో నంబరు చిట్టియ్య ఇల్లు. అక్కడ పని ముగించుకుని వస్తుంటే పక్కింటి అరుగు మీంచి తలుపులమ్మ కేకేసింది. మొగుడు పోయాక ఎండుచేపలమ్మి కూతురు లోవలక్ష్మిని రామచంద్రపురం ఇచ్చి పెళ్లి చేసిన మనిషి. దుర్గకి వరసకి మేనత్త.

"ఏమే కలెక్టరమ్మా! చిట్టియ్యింట్లో గంట కూర్చున్నావు. నా గుమ్మం కాడికొచ్చేసరికి ముక్కు మూసుకుని పోతన్నావేంటి? ఎండుచేపల కంపా?"

"అది కాదత్తా. నీ నంబరు రాలేదు."

"రాకపోవడమేంటే, తలుపు మీద ఇంతింత అంకెలేసుంటేనూ! నూట పద్దెనిమిది. కళ్ళజోడు పెట్టుకుని కూడా కనపడలేదా?"

"నంబర్లు నా చేతిలో ఉండవత్తా. లాటరీలా పడతాయి."

"వాడి గోడకీ నా గోడకీ మధ్యన చీపురుపుల్ల పట్టదు. వాడు లాటరీలో ఉన్నాడనీ, నేను లేననీ ఆ సముద్రానికి తెలుసా?"

అరుగు మీదున్న ఆడవాళ్ళు నవ్వారు. తలుపులమ్మ కూడా నవ్వింది గానీ, చూపు మాత్రం ఫైలు మీదే ఉంది. ఫైలు పట్టుకొచ్చిన ప్రతి మనిషీ దేనికో ఒకదానికి పేర్లు రాసుకుపోతాడని పేటలో నమ్మకం. ఇది సముద్రానికి దూరంగా ఎక్కడో ఇళ్ళు ఇచ్చే జాబితా అని ఆమె అనుకుంటోందని దుర్గకి అర్థమైంది. ఇది ఉత్త చదువేనని చెప్పేయాల్సింది. ఆ ముఖం చూసి నోరు రాలేదు. బదులుగా ప్రాజెక్టు గైడు సార్ చెప్పిన రూలొకటి గుర్తొచ్చింది. అందులో అబద్ధం లేదు.

"నువ్వు రిజర్వులో ఉన్నావత్తా. ఎంచుకున్న ఇంటికి తాళం పడితే పక్కిల్లు రాసుకోవాలి. చిట్టియ్య మావ వెళ్ళిపోతే నీ దగ్గరికే వస్తాను."

"అలా చెప్పు మరి!" అంది తలుపులమ్మ. దుర్గ చేతిలో రెండు ఎండు పండుగప్ప ముక్కలు పొట్లం కట్టి పెట్టింది.

కార్తీకంలో ఒకరోజు హాస్టల్ మెస్ లైన్లో ఉండగా ఫోనొచ్చింది.

"దుర్గా, చిట్టియ్య పెట్టే బేడా సర్దుకుని సామర్లకోట పోయాడే. ఇప్పుడు నా నంబరేనా?"

"నీదే అత్తా."

"ఎప్పుడొస్తావు?"

"ఏప్రిల్లో, పరీక్షలవగానే."

"లోవలక్ష్మి వచ్చెయ్యమని పోరు పెడతంది. ఈలోగా నేను రామచంద్రపురం వెళ్తే?"

"తాళం పడితే నీ పక్కిల్లు రాసేస్తా మరి!" అని నవ్వింది దుర్గ. అంతలో ఆమె వంతు వచ్చింది. కంచం పట్టుకుని, "ఉంటానత్తా" అని ఫోను పెట్టేసింది.

ఆ మరుసటి నెల్లో తుఫాను పట్టింది. పేట మొత్తాన్నీ బడిలోకి చేర్చారు. తెల్లారాక గాలి తగ్గిందని తలుపులమ్మ ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళింది. కింద ఇసుక కొట్టుకుపోయి ఉన్న వెనక గోడ ఆమె మీద కూలింది. ఆ వారమంతా దుర్గకి సెమిస్టరు పరీక్షలు. ఆఖరి చూపుకి కూడా రాలేకపోయింది.

ఏప్రిల్లో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, తల్లి తాలూకు గిన్నెలు పట్టుకెళ్దామని వచ్చిన లోవలక్ష్మి దుర్గ కోసమే కూర్చుని ఉంది. కొంగు చాటునుంచి ఎండుచేపల డబ్బా రేకు మూతని బయటికి తీసి దుర్గ చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా?"

"నీకోసమే చేసింది. అమావాస్య అమావాస్యకీ గుమ్మం దగ్గర్నించి నీళ్ళ దాకా నడిచి, ఎన్నడుగులైతే అన్ని గీతలు మేకుతో గీసేదంట. నువ్వడిగినప్పుడు తప్పు చెప్పకూడదని."

మూత మీద ఎనిమిది వరసలున్నాయి. దుర్గ వేలు పెట్టి లెక్కపెట్టింది. మొదటి వరసలో నలభై ఒకటి. ఆరో వరసలో పంతొమ్మిది. ఆఖరి దాన్లో తొమ్మిది. తను రాసుకొచ్చిన నలభై ఇళ్లలో ఒక్కరు కూడా ఇలా కొలిచి చెప్పలేదు. "ఉంటాయిలే, ఓ యాభై" అన్నవాళ్ళే అంతా.

"నేనెన్నిసార్లు రమ్మన్నానో!" అంది లోవలక్ష్మి. "దుర్గొచ్చి రాసుకోవాలి, మనిషి లేకపోతే పక్కిల్లు రాసేస్తారు అనేది. ఆ రోజు కూడా, తుఫాను నష్టం రాసుకోడానికొచ్చి తాళం చూసి పోతారనే వెళ్ళుంటుంది." తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఏప్రిల్ దాకా ఉండుంటే ఇల్లు వచ్చేది కదా దుర్గా?"

దుర్గ మూత మీద వేలు పెట్టి మళ్ళీ మొదటి వరస నుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది. లోవలక్ష్మి దాన్ని ఔననే అనుకుని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఉదయం దుర్గ గైడు ప్రసన్నకుమార్ గారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నారు. "బాధే అమ్మా. కానీ శాంపిల్లో లేని ఇంటి కొలతలు మనం వాడలేం. కోడు నాలుగు వేసి తర్వాతింటికి వెళ్ళు" అన్నారు. ఆయనన్నదాంట్లో తప్పు లేదు. పరీక్షలో అడిగితే దుర్గ కూడా అదే రాస్తుంది.

ఫారంలో కారణాలు వరసగా ఉన్నాయి. ఒకటి తాళం, రెండు ఇష్టపడలేదు, మూడు వలస, నాలుగు ఇల్లు లేదు. నూట పదిహేడుకి మూడు వేసింది. నూట పద్దెనిమిది ఎదుట నాలుగు వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

నూట పంతొమ్మిది, రెండు బారలు వెనక్కున్న, వరసకి పిన్నయ్యే చిన్నమ్మాయి ఇల్లు. ఆవిడ గబగబా అరుగు తుడిచి చాప పరిచింది.

"వచ్చావా తల్లీ! మా నంబరొచ్చిందా?"

దుర్గ కూర్చోలేదు. "పిన్నీ, ముందొక మాట. ఇది ఇళ్లిచ్చే జాబితా కాదు. నేను రాసుకున్నందుకు నీకు ఇల్లు రాదు, ఏమీ రాదు. ఇది ఉత్త నా చదువు కోసం. వెళ్ళడానికి చోటుంటే వెళ్ళిపో. నాకోసం ఆగొద్దు."

చిన్నమ్మాయి చీపురు గోడకి ఆనించింది.

"మరి తలుపులమ్మకి చెప్పలేదేంటే, ఈ మాట?"

దుర్గ తల వంచుకుంది. చిన్నమ్మాయే చెయ్యి పట్టి చాప మీద కూర్చోబెట్టింది. "సరేలే. వచ్చిన పని కానివ్వు. అడుగు."

"మీ గుమ్మానికీ సముద్రానికీ మధ్య ఎన్నడుగులుంటాయి పిన్నీ?"

"నాకేం తెలుసే?" అంది చిన్నమ్మాయి. "ఈ వీధిలో అవన్నీ తలుపులమ్మే లెక్కపెట్టేది."

దుర్గ ఫారం చాప మీద పెట్టి లేచింది. చెప్పులు విడిచి, గుమ్మానికి మడమ ఆనించి, కూలిన గోడ పక్కనుంచి నీళ్ళ వైపు మొదటి అడుగు వేసింది.