వదిలిన చెయ్యి

నేను ఒక ఇనప పైపుని. నీళ్లు తోడడానికి పుట్టి, మంచినీళ్లు తప్ప అన్నీ చూసినదాన్ని.

ఉద్దానంలో ఒక జీడితోటలో బోరింగు కోసం నన్ను భూమిలోకి దింపారు. ఉప్పునీళ్లు పడ్డాయి. తోట యజమాని ఒక పుక్కిలి నోట్లో పోసుకుని ఉమ్మేసి, నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, పైకి లాగించేశాడు. తప్పు నేలది, తిట్లు పైపుకి. మనుషుల న్యాయం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కంచె పక్కన పడి ఉన్న నన్ను భుజాన వేసుకెళ్లినవాడు కూర్మారావు. పట్టాళంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. సముద్రం ఒడ్డున సరుగుడు తోపు పక్కన రెండు సిమెంటు స్తంభాలు పాతి, వాటి మీద నన్ను అడ్డంగా బిగించాడు. కింద గొయ్యి తీయించి, అడుగున కంకర కొట్టించి, పడినా దెబ్బ తగలకుండా పైన మెత్తటి ఇసక నింపాడు. ఆ రోజు నుంచి నా పేరు బీము. మిలిటరీ సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లు నన్ను పట్టుకుని వేలాడి, గడ్డం నా పైకి వచ్చేదాకా ఒళ్లు లాగాలి.

ముఖాలు నాకు గుర్తుండవు. నాకు తెలిసినవి అరచేతులు. చెమట చేతులు, బొబ్బల చేతులు, జీడి జిడ్డుకి మచ్చలు పడ్డ చేతులు. జారిపోయే చెయ్యి చివరిదాకా గీరుతుంది, గోళ్లతో సహా నన్ను బతిమాలుతుంది. కావాలని వదిలే చెయ్యి అలా కాదు. ముందు మెత్తబడుతుంది, తర్వాత వేళ్లు తెరుచుకుంటాయి. ఈ తేడా గుర్తుంచుకోండి. నా కథంతా దాని మీదే ఉంది.

నా దగ్గరికి ఎప్పుడూ కలిసే వచ్చేవాళ్లు ఢిల్లేశు, జోగి. ఒకడు లాగుతుంటే రెండోవాడు కింద నిలబడి లెక్క చెప్పేవాడు. జోగి చెప్పే లెక్కలో అంకెలు తక్కువ, వెటకారం ఎక్కువ.

"ఏడూ... ఒరే, ఆ మూతేట్రా, ఆముదం తాగినట్టు! ఎనిమిదీ... లెగరా, మీ అత్త సూస్తంది, లెగు!"

నవ్వాపుకోలేక ఢిల్లేశు జారి ఇసకలో పడేవాడు. జోగి మాత్రం ఒక్కసారీ జారలేదు. నేనెరిగిన చేతుల్లో అంత గట్టి పట్టు మరొకటి లేదు.

సెలక్షన్లలో ఇద్దరూ పరుగు నెగ్గారు, బీము నెగ్గారు. తర్వాత డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఆ చుక్కల్లో దాగిన అంకె చదవమన్నాడు. తన కళ్లకు ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదని జోగికి అప్పుడే తెలిసింది. గట్టి చెయ్యి ఇంటికొచ్చేసింది. జారే చెయ్యి సెలక్టయింది.

ఊరి మొదట్లో ఢిల్లేశు ఫొటోతో ఫ్లెక్సీ లేచింది. మీసం సరిగ్గా రానివాడి చేతిలో తుపాకీ కూడా పెట్టారు. ట్రైనింగుకి వెళ్లేలోగా వాణ్ణి తయారుచేసే పని కూర్మారావు నెత్తికెత్తుకున్నాడు. వీపున ఇసక సంచితో ఒడ్డంతా పరుగు. అది ఒంటికి. మనసుకి వేరే మందు. చెవి దగ్గర నోరు పెట్టి హిందీలో తిట్టేవాడు. శ్రద్ధగా మడిచిన దుప్పటిని కాలితో తన్ని, మళ్లీ మడవమనేవాడు. కుర్రాడు ఓర్చుకున్నాడు. అప్పుడు హవల్దారు అసలు దెబ్బ కొట్టాడు.

"జోగీ, రేపట్నించి నువ్వు రాకు. నీ గొంతు ఇనపడితే గానీ ఈడు లెగట్లేదు. నిన్ను ట్రంకు పెట్టిలో ఎట్టుకెల్తాడేటి? అక్కడ ఈడి భాష తెలిసినోడే ఉండడు."

జోగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఢిల్లేశు ఒక్కడే వచ్చేవాడు. లెక్క లేదు, వెటకారం లేదు. సముద్రం హోరు ఒకటే. సగం దాకా లేచి ఆగిపోయేవాడు. వాడి అరచేతుల్లోంచి ఒక వణుకు నాలోకి పాకేది. అది కండల వణుకు కాదు. ఊరంతా వాడితో చెయ్యి కలిపింది గానీ, ఆ వణుకు ఎవరికీ అందలేదు. ఫ్లెక్సీ కట్టిన ఊరికి తనకు భయమేస్తోందని ఎలా చెబుతాడు?

ప్రయాణం దగ్గరపడింది. ఒక తెల్లవారుజామున కూర్మారావు కంటే ముందే ఢిల్లేశు పార పట్టుకొచ్చాడు. నా కింది ఇసకంతా తోడి పక్కకు పోశాడు. కంకర బయటపడింది.

వాడి ఉపాయం నాకు అర్థమైంది. మణికట్టు విరిగితే చాలు, వెళ్లక్కర్లేదు. భయపడ్డాడని ఎవరూ అనరు. పాపం, ప్రాక్టీసులో జారాడంటారు.

ఎగిరి నన్ను పట్టుకున్నాడు. పట్టు మెత్తబడింది. చిటికెన వేలు తెరుచుకుంది.

"ఇసకేదిరా?"

జోగి. నా దగ్గరికి రావద్దన్నా, తోపు అవతల రోజూ పరుగెడుతూనే ఉన్నాడు. అలవాటుపడ్డ కాళ్లు సెలక్టు కాలేదంటే వింటాయా?

ఢిల్లేశు చిటికెన వేలు మూసుకుంది. "నువ్వెల్లిపో, జోగీ."

"సెయ్యిరగ్గొట్టుకుంతావా? ఇరగ్గొట్టుకుంటే ఆ సీటు నాకిచ్చీస్తారేటి?"

"నావల్ల కాదురా. ఆ ట్రైను మాటెత్తితేనే బయమేస్తంది. అంతమందిలో ఒక్కన్నే..."

"మీయమ్మకి సెప్పినావా?"

"అమ్మ ఊరందరికీ సున్నుండలు పంచీసింది."

జోగి తిట్టలేదు, బతిమాలలేదు. అరచేతులు చొక్కాకి తుడుచుకుని, ఎగిరి వాడి పక్కనే నన్ను పట్టుకున్నాడు.

"పందెం. నాకన్నా ముందు పడిపోనావా, పాపం జారిపోనాడని ఊరందరికీ నానే సెప్తాను. నాకన్నా ఎక్కువసేపున్నావా, నోర్మూసుకుని ట్రైనెక్కు."

జోగిని ఓడించినవాడు లేడు. ఆ పందెం తనకే లాభమని ఢిల్లేశు అనుకుని ఉండాలి. కానీ మనుషుల్లో ఒక వింత ఉంది. ఓడిపోదామని వచ్చినవాడు కూడా పందెం కట్టాక గెలవాలనే చూస్తాడు.

ఇద్దరూ వేలాడారు. జోగి లెక్క చెప్పలేదు. ఎర్రటి ఎండ నీళ్ల మీంచి లేచి మా మీద పడింది. ఢిల్లేశు చేతులు ఇప్పుడు నిజంగానే జారుతున్నాయి. గీరుతున్నాయి, పెనుగులాడుతున్నాయి. పక్కన జోగి చేతులు పొడిగా, స్థిరంగా ఉన్నాయి. ఇంకా చాలాసేపు ఉండగలవు.

ఉన్నట్టుండి అవి మెత్తబడ్డాయి. వేళ్లు తెరుచుకున్నాయి.

కంకర మీద ఏదో విరిగిన చప్పుడైంది.

"జోగీ!"

"దిగకు!" కుడిచేతిని గుండెకి అదుముకుని కింద నుంచి అరిచాడు. "ఇంకా ఉండు. ఒక్కడివే ఉండు. సూద్దాం."

ఢిల్లేశు ఉన్నాడు. వణుకు ఆగేదాకా ఉన్నాడు.

సెలక్టు కానివాడికి బీమెందుకని ఊరు నవ్వింది. ఇసక ఎవడు తోడాడని హవల్దారు కేకలేశాడు. "నానే," అన్నాడు జోగి. ఢిల్లేశు ట్రైనెక్కాడు. కట్టు విప్పాక జోగి ఒకసారి వచ్చి, ఎడమచేత్తో నన్ను పట్టుకున్నాడు. వంకరగా అతుక్కున్న కుడిచెయ్యి ఊరికే నా మీద ఆనింది. తర్వాత పనికోసం చెన్నై వెళ్లిపోయాడు.

ఢిల్లేశు సెలవుకి వచ్చాడు. అరచేతులు రాళ్లయ్యాయి. కొత్త కుర్రాళ్లకి నన్ను చూపించి చెప్పాడు.

"మా జోగిగాడని ఉండీవోడు. ఎప్పుడూ జారనోడు. ఆణ్ణి ఇక్కడే గెలిసినాను. ట్రైనింగులో ఏడుపొచ్చినప్పుడల్లా అదే తలుసుకునీవోణ్ణి."

జోగి జారలేదు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. వాడు చెప్పడు. నాకు నోరు లేదు, ఉన్నా చెప్పను.

కొత్త కుర్రాళ్లు వస్తున్నారు. అందరూ నన్ను నడిమినే పట్టుకుంటారు. ఆ రోజు ఢిల్లేశు పక్కన జోగి పట్టుకున్న కొస మాత్రం ఉప్పుగాలికి తుప్పు పడుతోంది.