నా వైపు, నీ వైపు

శ్రావణమాసపు తొలివానలో తడిసిన భాగ్యనగరము ఆ యుదయమున కలకును మెలకువకును నడుమ ఊగులాడుచుండెను. నీరు నిలిచిన రహదారులపై వాహనముల వెనుకదీపములు ఎఱ్ఱగన్నేరు రేకులవలె చెదరి కరగి మఱల కూడుచుండగా మేఘములకును వంతెనలకును నడుమ ఎక్కడనో సూర్యుడు దారితప్పి నిలిచినట్లుండెను.

తార్నాకలోని తన యింటిముంగిట కారులో కూర్చున్న వకుళ ఆ శోభను గాంచు స్థితిలో లేకుండెను. ఆమె ప్రక్కన ఎడమసీటునందు ఒక కంటికి కట్టుతో అత్తగారైన భ్రమరాంబ ఒదిగి కూర్చుండెను. మూడుదినముల క్రిందట శస్త్రచికిత్స జరిగిన ఆ కంట వేకువనుండి నొప్పి హెచ్చగా గంటలోపల తీసికొని రమ్మని వైద్యుడు ఫోనులో చెప్పెను. భర్త ఉద్యోగకార్యమై నాగపురమున నుండెను. వానకు వెఱచి అద్దెబండి యేదియు రాకుండెను. ఆఱేండ్లుగా లైసెన్సు గలిగియు కాలనీ వీధులు దాటి కారు నడిపి యెఱుగని వకుళ వెఱచుచునే తాళము త్రిప్పెను.

ఆమె భయమునకు మూలము వేగము కాదు, మలుపు. ఇరువదిరెండేండ్ల క్రిందట గడపపై నుంచిన బియ్యపుచెంబును కుడికాలితో త్రోసి లోనికి రావలసిన ఆ కొత్తకోడలు తొట్రుపడి ఎడమకాలు మోపెను. ఆ పొరపాటును భ్రమరాంబ పేరంటములందు నవ్వుచు చెప్పని యేడు లేదు. విన్నవారు మఱచిరి. వకుళ మాత్రము కుడియెడమల మాట వచ్చినప్పుడెల్ల ఒక్కక్షణము ఆ గడపవద్దనే నిలిచిపోవుచుండెను.

కారు విద్యానగరము చేరునప్పటికి వాన చిక్కబడెను. మంచుదిబ్బలవలె మసకబారిన బస్సుల సందున ఆటోలు చేపపిల్లలవలె దూసికొని పోవుచుండగా, మూసిన అద్దముల కావల హారనుల మ్రోత దూరపు శంఖనాదమువలె వినవచ్చుచుండగా, ఆమెకు తాను ఏదో జలాశయపు టడుగున తేలుచున్నట్లు తోచెను. అంతలో కూడలివద్ద దారి చెప్పుచున్న ఫోనులోని గొంతు ఎడమవైపు తిరుగుమనెను. వకుళ చేతులు కుడికి తిరిగెను. ఎదురుగా వచ్చుచున్న బస్సు జానెడు దూరమున ఆగెను. ఆమె కారు కూడ ఆగిపోయెను.

ఆటోవాడొకడు తల బయటపెట్టి, “ఏందమ్మా, నడిరోడ్డు మీద ముగ్గేస్తున్నవా? ఇటు పోతవా అటు పోతవా, జర చెప్పరాదు” అనెను.

“నా వల్ల కాదత్తయ్యా,” అని వకుళ చక్రముపై తల వాల్చెను. “ఎడమంటే చాలు, మన గడపే గుర్తొస్తుంది. ఇరవై రెండేళ్ళు మర్చిపోనిచ్చారా మీరు?”

అద్దముపై నీటిని తుడుచు పుల్ల నాలుగుమారులు అటునిటు తిరిగెను.

“నలుగుర్నీ నవ్విస్తున్నాననుకున్నానే,” అని భ్రమరాంబ మెల్లగా ననెను. “సరే, కుడీ ఎడమా రెండూ అవతల పారెయ్. నేను కూర్చున్నది నా వైపు, నువ్వు కూర్చున్నది నీ వైపు. మనకేం కొత్త మాటలా? వంటింట్లో గట్టు పంచుకుని రోజూ పోట్లాడుకునేవేగా.”

వకుళ కన్నీరు తుడుచుకొనుచు నవ్వెను. కారు కదలెను. ఫోను ఎడమ యన్నప్పుడెల్ల భ్రమరాంబ “నా వైపు” అనుచుండెను. కుడి యన్నచో “నీ వైపు” అనుచుండెను. ఆ రెండు మాటల ఒరవడిలో వీధులు ఒకదాని వెనుక నొకటి విచ్చుకొనగా, బస్సులు ప్రక్కకు ఒరిగి దారి యిచ్చుచున్నట్లే ఆమెకు తోచెను.

కంటిలో ఒత్తిడి పెరిగెననియు, ఇంకను జాగు చేసినచో చూపు దక్కుట కష్టమయ్యెడిదనియు చెప్పి వైద్యుడు మందు వేసెను. మధ్యాహ్నమునకు నొప్పి తగ్గెను, వానయు వెలిసెను.

ఇంటికి మఱలి వచ్చి భ్రమరాంబ ముందుగా గడప దాటి వెనుదిరిగి చూచెను. వకుళ అలవాటు చొప్పున తల వంచి తన పాదములవంక చూచుకొనుచుండెను.

“కాళ్ళెందుకే చూసుకుంటావు? నా వైపు చూస్తూ రా,” అని అత్తగారు చేయి చాచెను.

ముందుగా ఏ కాలు లోన మోపబడెనో ఇరువురిలో నెవరును చూడలేదు. ముంగిట నిలిచిన కారుపైనుండి వానచుక్కలు కొన్ని అటును కొన్ని ఇటును జారి క్రింద ఒక్కటే మడుగై నిలిచెను.