యమద్వితీయనాటి పైలట్ పడవ

ఐర్లండులో మేముండే డన్‌మోర్ ఈస్ట్ రేవులోని పడవలన్నీ లాక్‌డౌన్‌లోనే నాకు పరిచయమయ్యాయి. మా ఆయన జానకిరామ్ వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లాక, రోజూ గట్టుమీద నడిచేదాన్ని. తుప్పు కారే నీలం ట్రాలర్లు, పీతలు పట్టే బుట్టలు పేర్చుకున్న చిన్న పడవలు, టార్పాలిన్ కప్పుకుని నిద్రపోయే షికారు యాట్లు, ఎవరికో ప్రమాదమొస్తే తప్ప కదలని లైఫ్‌బోటు.

యమద్వితీయ రోజు పొద్దున్న మా అన్నయ్య త్రినాథ్ పనిచేసే సరుకు ఓడ రేవుకు ఎదురుగా లంగరు వేసింది. అతని కాంట్రాక్టు వేసవిలోనే అయిపోయింది. బదులు రావలసిన మనిషి విమానాల్లేక రాలేదు. ఓడ దిగడానికి ఎవరికీ అనుమతి లేదు. ఆరోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల చేతి భోజనం చెయ్యాలి. కంటికి కనిపించే దూరంలో ఉండి, అన్నయ్య నా చేతి అన్నం తినకుండా వెళ్లిపోతాడా అనిపించింది.

వడ్డించడానికి పక్కన ఉండను కనక, పప్పన్నం నెయ్యి వేసి నేనే కలిపి, ముద్దలు చేసి స్టీలు క్యారేజీలో సర్దాను.

మొదట కనబడిన ట్రాలరాయన్ని అడిగాను.

"మేం ఓడ దరిదాపులకి పోకూడదు. వాళ్లనడుగు," అని నారింజరంగు పడవను చూపించాడు. ఓడను నదిలోకి నడిపించే పైలట్‌ను తీసుకెళ్లే పడవ అది.

దాన్ని నడిపే డెక్లాన్ క్యారేజీ చూసి తల అడ్డంగా ఊపాడు. "పైలట్ తాడు నిచ్చెన ఎక్కాలి. రెండు చేతులూ దానికే సరి. ఇంతకీ ఏముంది అందులో?"

"అన్నం. ఇవాళ చెల్లెలు పెట్టింది తింటే, అన్న జోలికి యముడు రాడంటారు."

"ఇప్పుడా చెప్పడం ఈ మాట? ఈ కరోనా ఏడాది నాకూ ఒక డబ్బా కట్టాల్సింది." క్యారేజీ అందుకున్నాడు. "పైనుంచి తాడు వదలమని మీ అన్నకి చెప్పు. కట్టి పంపిస్తా. గ్రాండ్," అన్నాడు. ఇక్కడ సరే అనడానికి అదే మాట.

ఫోన్ చేసి చెప్పాను. పడవ ఓడ పక్కకి చేరింది. అలకి పడవ లేచినప్పుడల్లా క్యారేజీ ఓడ గోడకి తగులుతూ పైకి వెళ్లింది. ఎవరో వంగి అందుకున్నారు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏమే, ఆవకాయ మర్చిపోయావా?"

"అడుగు గిన్నె చూడు అన్నయ్యా."

తర్వాత నమిలే చప్పుడు వినిపించింది.

"పక్కన ఫిలిప్పీన్స్ కుర్రాడు ఒక ముద్ద అడుగుతున్నాడే. పెట్టనా?"

"ముందు నువ్వు తిను."

"తిన్నాను. వాడికీ చెల్లెలుందట."

"అయితే పెట్టు."

"సరే, కిందికి పిలుస్తున్నారు. ఇంజన్ దగ్గరికి పోవాలి," అని పెట్టేశాడు.

గట్టుమీదే నిలబడ్డాను. కాసేపటికి ఓడ పొగగొట్టంలోంచి నల్లగా పొగ లేచింది. అది అన్నయ్య పనే.