స్ట్రాటన్ ముఖమున్న దేవుడు

నేను ఒక దేవుణ్ణి. గొప్పకు చెప్పడం లేదు, నిజానికి అంజూరపు మొద్దునే. గ్రీసు దేశంలో ఆర్కేడియా అనే కొండసీమ ఉంది. అక్కడి కాపరులు నన్ను పాన్ అని పిలిచి చేతులెత్తి మొక్కారు. పాన్ అంటే అడవులకీ కొండలకీ మందలకీ దేవుడు. నడుము కింద మేక, నడుము పైన మనిషి, నెత్తిన రెండు కొమ్ములు. మధ్యాహ్నం పూట ఆయన కునుకు తీస్తాడనీ, లేపితే కోపమొచ్చి మందల్ని బెదరగొడతాడనీ ఆ వేళకి కొండ మీద ఎవరూ పిల్లనగ్రోవి ముట్టరు. అంత భయపడేవాళ్ళే, వేటలో మాంసం తక్కువైతే మాత్రం అదే దేవుణ్ణి పట్టుకుని కొడతారు. మనుషుల భక్తి ఇలాగే ఉంటుంది, నేను తప్పు పట్టను.

కొట్టేది అడవి ఉల్లి కాడలతో. మీ వైపు నక్క ఉల్లిగడ్డ అంటారే, దానికి దగ్గరి చుట్టం. రసం తగిలితే చాలు, దురద, మంట. ఆ దురదకి దేవుడు బద్ధకం వదిలి వేట చూపిస్తాడని వాళ్ళ నమ్మకం.

నన్ను చెక్కింది స్ట్రాటన్ అనే మేకల కాపరి. కాళ్ళు చెక్కడానికి అతనికి నాలుగు రోజులే పట్టింది, పుట్టినప్పటి నుంచీ మేక కాళ్ళు చూస్తున్నవాడు. ముఖం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. దేవుణ్ణి ఎవరు చూశారు గనక? చివరికి ఊట నీళ్ళలో తన ముఖం చూసుకుని అదే దించేశాడు. కాస్త పక్కకి ఒరిగిన ముక్కు, నవ్వాలా వద్దా అన్నట్టుండే పెదవులు. అతని భార్య మిర్టో నన్ను చూసి, "నీకు కొమ్ములొక్కటే తక్కువనుకున్నా, అవీ పెట్టుకున్నావు" అంది. ఊరంతా నవ్వింది. నవ్వుతూనే నన్ను తీసుకెళ్ళి కొండవాలున రాతి అరుగు మీద నిలబెట్టారు.

నన్ను నిలబెట్టిన మూడో చలికాలంలో స్ట్రాటన్ వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అన్న అగేలస్, ఇంకో నలుగురు వెంట ఉన్నారు. అడవి పంది జాడ పట్టుకుని స్ట్రాటన్ ఒక్కడే ముందుకు పోయాడు. పైనుంచి మంచు విరిగిపడింది. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి మిర్టో ఏడవలేదు. "చూపించండి, ఏడుస్తా" అనేది అడిగినవాళ్ళతో. రోజూ పొద్దున్నే వచ్చి నా ముఖానికి ఆలివ్ నూనె రాసేది. పక్కన కూర్చుని ఏ మేక ఈనిందో, ఇంటి కప్పు ఎక్కడ కారుతోందో చెప్పేది. స్ట్రాటన్ అనే పిలిచేది. నాకు బాగుండేది, దాచుకోవడమెందుకు.

మరుసటి ఏడు చలి ముందే దిగింది. వేటకెళ్ళిన ఇరవై మందికి దొరికినవి రెండు కుందేళ్ళు. ఊరేమో ముప్ఫై గడపలు. మేకల్ని కోసుకు తింటే ముందు ముందు పాలుండవు, పాలు లేకపోతే పసివాళ్ళు దక్కరు. ఇక తప్పదన్నారు పెద్దలు. పొద్దెక్కకముందే అందరూ అడవి ఉల్లి కాడలు పట్టుకుని నా దగ్గరకొచ్చారు. ఆచారం ప్రకారం మొదటి దెబ్బ వేటకి పెద్దగా ఉన్నవాడు కొట్టాలి. ఆ పెద్ద అగేలసే.

మిర్టో అప్పటికే నాకు అడ్డంగా నిలబడి ఉంది.

"కొట్టమాకండి బావగారూ. మీ తమ్ముడి ముఖం అది."

"భుజాల మీదే కొడతామమ్మా. ముఖం జోలికి పోము" అన్నాడు అగేలస్.

"భుజాలు మాత్రం ఎవరివి?"

అగేలస్ కాడలు కిందికి దించాడు. "ఆ రోజు వాణ్ణి ఒంటరిగా పోనిచ్చింది నేనేనమ్మా. నాకు మాత్రం చెయ్యెట్టా వస్తది? కానీ వాడు పోయాడు. ఇది కొయ్య. అదుగో, పిల్లలు చూడు ఎట్టా ఉన్నారో."

వెనక ఒక తల్లి చంకలో పసిబిడ్డ ఏడుస్తోంది, గొంతులో జీవం లేదు. మిర్టో ఆ బిడ్డ వైపు చాలాసేపు చూసింది. తర్వాత బావగారి ముందు చెయ్యి చాపింది.

"ఇటివ్వండి. నేనే కొడతా. నా మొగుణ్ణి ఇంకొకళ్ళు కొడుతుంటే చూడలేను."

మొదటి దెబ్బ దుమ్ము దులిపినట్టు పడింది. రెండోది కాస్త గట్టిగా. మూడో దెబ్బకి నోరు పెగిలింది.

"పంది కోసం ఒక్కడివే పోతావా? వెనక మీ అన్న వస్తుంటే ఆగలేకపోయావా?" భుజం మీద కొట్టింది. "పొద్దుగూకేలోపు వస్తానన్నావు. రొట్టె చేసి పెట్టుకుని కూర్చున్నా. ఏడాది నుంచీ కూర్చునే ఉన్నా." పక్కటెముకల మీద కొట్టింది. కాడలు చితికి రసం ఆమె మోచేతుల దాకా కారింది. "చచ్చిపోయావు" అంది. ఏడాదిగా ఆ నోట రాని మాట అది. "చచ్చిపోయావు గదయ్యా."

కాడలు వదిలేసి నా మేక కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అగేలస్ పక్కనే కూలబడ్డాడు. ఇంకెవరూ నన్ను కొట్టలేదు. నాకు నొప్పి పుట్టిందా అని అడగకండి, ఆమె చేతులు మాత్రం ఎర్రగా పొంగిపోయాయి.

మర్నాడు వేటలో ఒక దుప్పి దొరికింది. దెబ్బలకి దొరికిందో, గాలి మళ్ళి దొరికిందో నాకు తెలియదు. పేరు నాకొచ్చింది, మాంసం వాళ్ళకొచ్చింది.

మూడో రోజు మిర్టో పాలలో తేనె కలిపి తెచ్చి నేల మీద ధారగా పోసింది. అది నాకు కాదు, ఆ సీమలో పోయినవాళ్ళకి అలా పోస్తారు. తర్వాత నా ముందుకొచ్చి, అందరిలాగే రెండు చేతులూ పైకెత్తింది. చేతుల మీద బొబ్బలు ఇంకా మానలేదు.

"స్వామీ," అంది, "మా ఆయన ఆ కొండల్లోనే ఉన్నాడు. కాస్త కనిపెట్టుకుని ఉండు."

అంతవరకూ నేనే ఆయన్ని. ఆ పూట నుంచి ఉత్త దేవుణ్ణయిపోయాను.